ఇంగ్లీషు నుడికారంలో బైబిలు కథలు

ఇంగ్లీషులో రోజూ వినబడే పలుకుబళ్ళలో చాలావాటికి పుట్టిల్లు బైబిలు. గడువు ముగియబోతుండగా కుదిరిన ఒప్పందం 'ఎలెవెన్త్ అవర్'లో కుదిరిందంటారు. రాబోయే ఓటమి ముందే తెలిసిపోతుంటే 'రైటింగ్ ఆన్ ది వాల్' కనబడుతోందంటారు. పదిమంది చేసిన తప్పు ఒక్కడి నెత్తిన రుద్దితే వాడు 'స్కేప్‌గోట్'. బైబిలు ఎన్నడూ తెరవనివాళ్ళు కూడా ఈ మాటల్ని ధారాళంగా వాడతారు. అర్థం తెలిస్తే చాలు, పని గడిచిపోతుంది. అయితే కథ మరుగున పడ్డకొద్దీ అర్థం కూడా మెల్లగా పక్కకు జరుగుతుంది. కొన్నిచోట్ల పూర్తిగా తిరగబడుతుంది.

ఇవి ఎన్ని ఉంటాయన్న ప్రశ్నకు భాషాశాస్త్రవేత్త డేవిడ్ క్రిస్టల్ ఓపిగ్గా జవాబు వెతికాడు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలును మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివి, నేటి ఇంగ్లీషులో బతికున్న పలుకుబళ్ళు 257 ఉన్నాయని 2010లో వెలువడిన 'బిగాట్' అనే పుస్తకంలో తేల్చాడు. అంతకన్నా విశేషం ఇంకొకటి. వాటిలో కింగ్ జేమ్స్ బైబిలుకే సొంతమైనవి 18 మాత్రమే. మిగతావన్నీ అంతకు ముందరి అనువాదాల్లో ఏదో ఒకదానిలో ఉన్నవే. ఇంగ్లీషుకు ఇంత నుడికారం ఇచ్చిన గ్రంథంగా పేరు కింగ్ జేమ్స్ బైబిలుకు దక్కింది కానీ, కష్టం చాలావరకు దానికి ముందువాళ్ళది.

ఆ ముందువాళ్ళలో మొదట చెప్పుకోవలసినవాడు విలియం టిండేల్. పైవాళ్ళ అనుమతి లేకుండా బైబిలును ఇంగ్లీషులోకి తేవడం ఆ రోజుల్లో ఇంగ్లండులో నేరం. టిండేల్ దేశం విడిచి జర్మనీ వెళ్ళి, గ్రీకు మూలం నుంచి అనువదించిన కొత్త నిబంధనను 1526లో వోర్మ్స్ నగరంలో అచ్చు వేయించాడు. పుస్తకాలు బట్టల మూటల్లో, సరకుల పీపాల్లో దాగి ఇంగ్లండు చేరాయి. తర్వాత హీబ్రూ నేర్చి, పాత నిబంధనలోని మొదటి ఐదు కాండాలను 1530లో వెలువరించాడు. 1536లో బ్రస్సెల్స్ దగ్గరి విల్‌వోర్డ్‌లో ఆయన గొంతు బిగించి చంపి, శవాన్ని తగలబెట్టారు. హీబ్రూ వాక్యం లాటిన్‌లో కన్నా ఇంగ్లీషులోనే ఎన్నో రెట్లు చక్కగా ఒదుగుతుందని ఆయన వాదన. అందుకే హీబ్రూ మాటల పొందికను చాలాచోట్ల మార్చకుండా అలాగే దించేశాడు. 'అన్నిటికన్నా గొప్ప' అని చెప్పడానికి హీబ్రూలో ఒకే మాటను రెండుసార్లు వాడి రెండింటినీ ముడివేస్తారు. రాజులకు రాజు, పాటలకు పాట వంటివి ఆ కోవలోవే. మొదట్లో ఇంగ్లీషు చెవికి ఇది విడ్డూరంగానే ఉండి ఉండాలి. రాజాధిరాజు, దేవదేవుడు వంటి మాటలకు ఎప్పుడో అలవాటుపడ్డ తెలుగు చెవికి ఇందులో వింతేమీ తోచదు.

1604 జనవరిలో హాంప్టన్ కోర్టు సమావేశంలో మొదటి జేమ్స్ రాజు కొత్త అనువాదానికి సరేనన్నాడు. దాదాపు 47 మంది పండితులు వెస్ట్‌మిన్‌స్టర్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఆరు బృందాలుగా కూర్చుని పనిచేశారు. అంతకు ముందరి అధికారిక అనువాదాన్ని అవసరమైనంత మేరకే మార్చాలన్నది వాళ్ళకు పెట్టిన నియమం. అందువల్ల దానిలో అప్పటికే చేరి ఉన్న టిండేల్ మాటలు కుప్పలుగా కొత్త బైబిల్లోకి వచ్చి చేరాయి. ఆపైన మూడు శతాబ్దాల పాటు ప్రతి ఆదివారం చర్చిలో చదివి వినిపించడంతో, చదువు రానివాళ్ళ నోట కూడా ఆ పలుకులు నిలిచాయి. తెలుగునాట పురాణ కాలక్షేపాలు, హరికథలు చేసిన పని ఇదే. భారతం పట్టుకుని చదవనివాడు కూడా శల్య సారథ్యం అంటాడు. రామాయణం తెరవనివాడు కూడా మధ్యాహ్నం దాకా లేవని కొడుకును కుంభకర్ణుడంటాడు.

ఈ ఇంగ్లీషు భారతదేశపు రేవుల్లో దిగింది కూడా సరిగ్గా ఆ కాలంలోనే. ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ తెలుగు తీరాన మచిలీపట్నం చేరింది 1611లో. సూరత్ దగ్గరి సువాలి రేవు బయట కెప్టెన్ థామస్ బెస్ట్ పోర్చుగీసువాళ్ళతో తలపడింది 1612లో. సూరత్‌లో కంపెనీ వర్తకశాల స్థిరపడింది 1613లో. ఆ వర్తకులతోపాటు మతగురువులూ వచ్చారు. వాళ్ళలో హెన్రీ లార్డ్ సూరత్‌లో ఉండి ఇక్కడి బనియాల, పార్సీల ఆచారాల మీద 1630లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. 1638లో సూరత్ చూసిన జర్మన్ యాత్రికుడు మాండెల్స్‌లో, ఇంగ్లీషు వర్తకశాలలో రోజూ పొద్దున, రాత్రి ప్రార్థనలు జరిగేవనీ, ఆదివారం మూడుసార్లు జరిగేవనీ రాశాడు. వర్తకులు, నావికులు, గుమాస్తాలు అందరూ వినవలసిందే. ఏం చేయాలో పాలుపోని స్థితిని ఇంగ్లీషులో 'విట్స్ ఎండ్' అంటారు. ఆ మాట 107వ కీర్తనలో, తుపానులో చిక్కి తాగినవాళ్ళలా తూలుతున్న ఓడవాళ్ళ గురించి వస్తుంది. ఆరేసి నెలలు సముద్రం మీద గడిపి సువాలిలో దిగినవాళ్ళకు దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

అనువాదం పని కూడా సూరత్‌లో జరిగింది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున 1815లో వచ్చిన జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ ఇక్కడే ఉండి గుజరాతీ బైబిలు తయారుచేశారు. అది 1820ల తొలినాళ్ళలో సూరత్‌లోనే అచ్చయింది. తెలుగులో ఆ పనికి విశాఖపట్నం కేంద్రమైంది. అదే సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ దెగ్రాంజ్ 1805లో అక్కడికి చేరారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు అనువాదంలో వాళ్ళకు చేదోడయ్యాడు. క్రాన్ 1809లో, దెగ్రాంజ్ 1810లో కన్నుమూశారు. వాళ్ళు అనువదించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. వాళ్ళ తర్వాత ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. దీంతో బైబిలు పలుకుబళ్ళు తెలుగులోకి రావడానికి రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకటి తెలుగు బైబిలు, రెండోది ఇంగ్లీషు వార్తలను తెలుగు చేసే పత్రికలు. ఒకే మాట రెండు దారుల్లో వచ్చి రెండు రకాలుగా మారిన సందర్భాలున్నాయి. వాటిలో స్కేప్‌గోట్ కథ అన్నిటికన్నా ఆసక్తికరమైనది.

లేవీయకాండం 16వ అధ్యాయంలో యూదుల ప్రాయశ్చిత్త దినపు విధి ఉంది. ప్రధాన యాజకుడు రెండు మేకపోతులను తెచ్చి చీట్లు వేస్తాడు. ఒక చీటీ యెహోవా పేర, రెండోది 'అజాజేల్' పేర. యెహోవా పాలికి వచ్చినదాన్ని బలి ఇస్తారు. రెండోదాని తల మీద యాజకుడు రెండు చేతులూ ఉంచి, జనం చేసిన పాపాలన్నీ ఒప్పుకుని, వాటిని ఆ మేక నెత్తిన పెడతాడు. ఆ పనికి ఏర్పాటైన మనిషి దాన్ని తోలుకుపోయి అడవిలో వదిలేస్తాడు. ఊరికి పట్టిన అరిష్టాన్ని పొలిమేర దాటించే గ్రామదేవతల జాతరలు చూసినవాళ్ళకు ఇది కొత్తగా ఉండదు. అజాజేల్ అంటే ఏమిటో ఈనాటికీ తేలలేదు. ఎడారిలోని చోటు అని కొందరు, అక్కడుండే పిశాచం అని కొందరు అంటారు. టిండేల్ ఆ మాటను రెండుగా విరిచి 'వెళ్ళిపోయే మేక' అని అర్థం చేసుకున్నాడు. జెరోమ్ లాటిన్ అనువాదం కూడా అదే దారిలో ఉంది. 'తప్పించుకుపోయే మేక' అనే అర్థంలో టిండేల్ 1530లో స్కేప్‌గోట్ అనే కొత్త మాట పుట్టించాడు. ఇతరుల తప్పు మోసే మనిషి అన్న అర్థం దానికి 19వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు.

తెలుగు పత్రికలు దీన్ని 'బలిపశువు' చేశాయి. మూలకథ దగ్గర పెట్టుకుని చూస్తే ఇది తలకిందులు. బలైన మేక వేరు, నింద మోసిన మేక వేరు. నింద మోసినది ప్రాణాలతో అడవికి పోయింది. తెలుగు బైబిలు అనువాదకులకు ఆ తేడా తెలుసు. వాళ్ళు దాన్ని విడిచిపెట్టే మేక అన్నారే తప్ప బలి అనలేదు. పత్రికల వాడుకను పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. తర్వాతి కాలపు యూదు ధర్మగ్రంథం మిష్నా ప్రకారం ఆ మేకను ఎత్తయిన కొండ కొమ్ము మీంచి వెనక్కి తోసేసేవారు. పాపాలు మోసుకుపోయిన మేక మళ్ళీ ఊళ్ళోకి తిరిగి వస్తుందేమోనన్న భయం వాళ్ళకు ఉండి ఉండాలి.

తెలుగుకు వెదకకుండానే దొరికిన మాటలూ ఉన్నాయి. గారాబంగా చూసుకునే మనిషిని ఇంగ్లీషులో 'ఆపిల్ ఆఫ్ ది ఐ' అంటారు. ద్వితీయోపదేశకాండంలో దేవుడు తన జనాన్ని కాపాడిన తీరు చెప్పేచోట ఇది వస్తుంది. హీబ్రూ మూలంలో ఆపిల్ లేదు. అక్కడున్న మాటకు 'కంటిలోని చిన్న మనిషి' అని అర్థం. ఎదుటివాడి కంటిలోకి చూస్తే కనబడే మన బుల్లి ప్రతిబింబమే ఆ చిన్న మనిషి. కంటి నల్లగుడ్డు పండులా గుండ్రంగా ఉంటుందనుకున్న పాత ఇంగ్లీషువాళ్ళు దానికి ఆపిల్ అని పేరు పెట్టుకున్నారు. అనువాదకులు ఆ పేరునే వాడారు. తెలుగువాడు మాత్రం ఏనాటినుంచో 'కంటిపాప' అంటున్నాడు. హీబ్రూలో మనిషి, తెలుగులో పాప, చూపు ఒక్కటే.

మత్తయి సువార్తలోని నాలుగైదు మాటలు కూలి చేసుకు బతికేవాళ్ళ లోకం నుంచి వచ్చినవి. సూరత్‌లో ఉధ్నా నుంచి ఉన్ మీదుగా సచిన్ దాకా సాంచాల (మరమగ్గాల) మీద, డయింగు మిల్లుల్లో పనిచేసే తెలుగు కుటుంబాలకు ఈ కథలు పుస్తకంలోవి అనిపించవు. 'ఎలెవెన్త్ అవర్' కథ ద్రాక్షతోట యజమానిది. అతను తెల్లవారుతూనే బజారుకు పోయి, ఇవాళ లేబర్ అడ్డా అంటున్నామే, అలాంటి చోట నిలబడ్డ కూలీలను దినానికి ఒక దేనారం చొప్పున మాట్లాడుకుని పనికి పంపుతాడు. మళ్ళీ మూడో గంటకు, ఆరో గంటకు, తొమ్మిదో గంటకు పోయి ఇంకొందరిని తెస్తాడు. సూర్యోదయం నుంచి పగటిని పన్నెండు గంటలుగా లెక్కించేవారు కాబట్టి పదకొండో గంట అంటే సాయంత్రం ఐదు ప్రాంతం. అప్పుడు కూడా పోయి, ఎవరూ పనికి పిలవక ఇంకా నిలబడి ఉన్నవాళ్ళను తోలుకొస్తాడు. పొద్దుగూకాక అందరికీ ఒకే కూలి ఇస్తాడు, అదీ ఆఖరున వచ్చినవాళ్ళతో మొదలుపెట్టి. పొద్దుటినుంచి ఎండలో మాడినవాళ్ళు సణుగుతారు. పన్నెండు గంటల షిఫ్టు చేసి మీటరు లెక్కన కూలి తీసుకునే సాంచా కార్మికుడికి ఆ సణుగుడు న్యాయంగానే తోస్తుంది. ఇంగ్లీషు నుడికారం ఆ వివాదాన్ని పూర్తిగా వదిలేసి, గడియారాన్ని మాత్రం పట్టుకుంది. ఇవాళ దాని అర్థం 'ఆఖరి నిమిషం', అంతే.

'గో ది ఎక్స్‌ట్రా మైల్' అన్నది ఇంకా చిత్రమైనది. చెప్పిన పనికన్నా ఇష్టపూర్వకంగా ఎక్కువ చేయడం అని దాని నేటి అర్థం. ఉద్యోగ ప్రకటనల్లో, కంపెనీ మేనేజర్ల ప్రసంగాల్లో తరచు దొర్లుతుంది. దాని పుట్టుక మాత్రం వెట్టిలో ఉంది. రోమన్ సైనికుడు దారిన పోయే యూదుణ్ణి పట్టుకుని తన మూట మైలు దూరం మోయమని బలవంతపెట్టవచ్చు. రోమన్ మైలు అంటే వెయ్యి జంట అడుగులు, సుమారు ఒకటిన్నర కిలోమీటరు. సువార్తలో ఈ బలవంతానికి వాడిన గ్రీకు క్రియ పారశీక రాజుల తపాలా ఏర్పాటు నుంచి వచ్చింది. ఆ ఏర్పాటులో మనుషులనూ గుర్రాలనూ దారిలో ఎక్కడివాళ్ళనక్కడ పట్టుకోవచ్చు. యేసు సిలువను మోయమని కురేనీయుడైన సీమోనును పట్టుకున్నప్పుడు కూడా అదే క్రియ వస్తుంది. నిజాం కాలపు తెలంగాణలో ఊరికి వచ్చిన అధికారుల సామాను మోయడం, దొర కచ్చడం ముందు పరుగెత్తడం ఈ రకం చాకిరే. ఒక మైలు లాక్కుపోతే రెండు మైళ్ళు పో అని యేసు అన్నది అలాంటివాళ్ళతో. మొదటి మైలు సైనికుడి హుకుం, రెండోది మోసేవాడి ఇష్టం. కాబట్టి రెండో మైలులో పైచేయి మోసేవాడిదేనని వ్యాఖ్యాతలు చెబుతారు. కంపెనీ మేనేజరు అదే మాట అన్నప్పుడు మొదటి మైలు ఎవరి హుకుమో ఎవరూ అడగరు.

'టాలెంట్' కూడా మత్తయి సువార్తలోదే. టాలెంట్ మొదట ఒక తూకం, ఆపైన ఆ తూకం వెండి విలువ. ఒక టాలెంటు ఆరువేల దేనారాలతో సమానం. దేనారం ఒకరోజు కూలి కాబట్టి, ఒక్క టాలెంటు కూలివాడి ఇరవయ్యేళ్ళ సంపాదన. ప్రయాణమైన యజమాని దాసుల్లో ఒకడికి ఐదు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి ఇచ్చి పోతాడు. ఇద్దరు వ్యాపారం చేసి రెట్టింపు చేస్తారు. మూడోవాడు గొయ్యి తీసి పాతిపెట్టి చీవాట్లు తింటాడు. దేవుడిచ్చిన శక్తిని దాచుకోకూడదని చర్చిల్లో దీనికి చెప్పిన భాష్యం వల్ల, 15వ శతాబ్దం నుంచి ఇంగ్లీషులో టాలెంట్ అంటే సహజమైన నేర్పు అయింది. తెలుగు బైబిల్లో ఇది 'తలాంతు'గా ఉంది. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో పాడగల పిల్లకు తలాంతు ఉందంటారు. అదే పిల్లను పక్కింటివాళ్ళు టాలెంట్ ఉందంటారు. రెండూ ఒకే వెండి ముద్ద నుంచి వచ్చినవని రెండు ఇళ్ళలోనూ తట్టదు.

న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయంలోని 'షిబ్బోలెత్' ఉచ్చారణకు సంబంధించినది. గిలాదువాళ్ళు ఎఫ్రాయిమువాళ్ళను ఓడించి, పారిపోయేవాళ్ళను పట్టుకోవడానికి యొర్దాను నది రేవుల్లో కాపు కాశారు. దాటబోయే ప్రతివాణ్ణీ షిబ్బోలెత్ అనమనేవారు. ఆ మాటకు ధాన్యపు వెన్ను అని అర్థం. అర్థంతో వాళ్ళకు పని లేదు. ఎఫ్రాయిమువాళ్ళకు మొదటి అక్షరం సరిగా పలకదు, సిబ్బోలెత్ అంటారు. అన్నవాణ్ణి అక్కడే నరికేశారు. చచ్చినవాళ్ళు 42,000 మంది అని గ్రంథం చెబుతుంది. మనవాడెవడో పైవాడెవడో పట్టిచ్చే మాటకు, తర్వాత్తర్వాత ఒక వర్గం పట్టుకు వేలాడే అరిగిపోయిన నినాదానికి కూడా ఇంగ్లీషులో ఇదే పేరు వచ్చింది. విశ్వవిద్యాలయాల కంప్యూటర్లలోకి ప్రవేశించేటప్పుడు మనిషిని గుర్తుపట్టే ఒక సాఫ్ట్‌వేర్‌కు షిబ్బోలెత్ అనే పేరు పెట్టినవాళ్ళకు చమత్కారం తెలుసు. సూరత్‌లో ఈ పరీక్ష రోజూ సరదాగా జరుగుతుంటుంది. అసలైన సూరతీ యాసలో మాట మొదటి సకారం హకారంగా మారి, ఊరి పేరే 'హురత్' అవుతుంది. తెలుగువాడు ఎన్నేళ్ళు ఇక్కడ ఉన్నా ఎంత శ్రద్ధగా సూరత్ అంటే అంత త్వరగా దొరికిపోతాడు. ఇక్కడ తల పోదు, నవ్వులపాలవుతాడంతే.

దానియేలు గ్రంథం రెండు గట్టి పలుకుబళ్ళు ఇచ్చింది. బబులోను రాజు బెల్షస్సరు యెరూషలేము ఆలయం నుంచి దోచి తెచ్చిన పాత్రల్లో ద్రాక్షారసం పోయించుకుని విందు చేస్తుండగా, గాలిలో ఒక చేతి వేళ్ళు కనబడి గోడ మీద నాలుగు మాటలు రాశాయి. ఆస్థాన జ్ఞానులెవరికీ అవి అంతుపట్టలేదు. చిత్రమేమంటే అవి బజారులో అందరికీ తెలిసిన తూకాల పేర్లు, మన శేరు, సవాశేరు లాంటివి. దానియేలు వాటినే క్రియలుగా చదివాడు. నీ పాలనకు లెక్క తేలిపోయింది, నిన్ను తూచితే తక్కువ తూగావు, నీ రాజ్యం పంచేశారు అని చెప్పాడు. ఆ రాత్రే రాజు చచ్చాడు. బబులోను పారశీకుల వశమైంది క్రీ.పూ. 539లో. నుదుటి రాతను నమ్మే తెలుగువాడికి గోడ మీద రాత సులువుగానే అబ్బింది, పత్రికల్లో కుదురుకుంది. ఆ గ్రంథం రెండో అధ్యాయంలోనే మరో బబులోను రాజు నెబుకద్నెజరు కలలోని విగ్రహం ఉంది. తల బంగారం, రొమ్ము వెండి, నడుము కంచు, కాళ్ళు ఇనుము, పాదాలు మాత్రం ఇనుము మట్టి కలిపినవి. ఒక్క రాయి తగలగానే అంతా కూలిపోతుంది. గొప్పవాడిలో దాగి ఉన్న బలహీనతను ఇంగ్లీషువాళ్ళు 'ఫీట్ ఆఫ్ క్లే' అంటారు. తెలుగు వామపక్ష రచనల్లో వినబడే 'మట్టికాళ్ళ మహారాక్షసి' దీని బంధువే. ఆ రాక్షసి ఎక్కడినుంచి వచ్చిందంటే బబులోను అని చెప్పేవాళ్ళు తక్కువ.

ధనవంతుడు స్వర్గానికి పోవడం కన్నా ఒంటె సూదిబెజ్జంలో దూరడం తేలిక అన్న మాట చాలామందిని ఇబ్బంది పెట్టింది. అందుకని యెరూషలేములో సూదిబెజ్జం అనే చిన్న ద్వారం ఉండేదని, బరువులు దించితే ఒంటె మోకాళ్ళ మీద దూరేదని మధ్యయుగాల్లో ఒక కథ పుట్టింది. అలాంటి ద్వారం ఉన్నట్టు ఆధారం ఏదీ లేదు. బబులోనులో కూర్చిన యూదుల తల్మూదులో ఇదే ఉపమానంలో ఏనుగు వస్తుంది. ఖురాను ఏడో అధ్యాయంలోనూ ఒంటె, సూదిబెజ్జం కనబడతాయి. అసాధ్యమని చెప్పడానికి ఆ ప్రాంతమంతటా వాడిన పోలిక ఇది, దానికి గేటు అక్కర్లేదు. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపడం కూడా ఒక్క బైబిలు సొత్తు కాదు. మత్తయి సువార్తకు ఎంతో ముందరిదైన కఠోపనిషత్తులో అదే పోలిక ఉంది.

'గుడ్ సమారిటన్' మన దేశంలో చట్టంలోకే ఎక్కింది. లూకా సువార్తలో యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో దొంగలు ఒకణ్ణి కొట్టి కొన ప్రాణంతో వదిలేస్తారు. అటుగా వచ్చిన యాజకుడూ, లేవీయుడూ పక్కనుంచి వెళ్ళిపోతారు. యూదులు అంటరానివాళ్ళుగా చూసే సమరయుడు ఆగి, గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టి, తన గాడిద మీద సత్రానికి చేర్చి, ఖర్చుకు రెండు దేనారాలు ఇచ్చి పోతాడు. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్ళను ఆసుపత్రికి చేర్చినవాళ్ళను పోలీసులు, కోర్టులు వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ సెక్షన్ చేర్చారు. 2021 అక్టోబరులో అలాంటివాళ్ళకు బహుమతి పథకం కూడా మొదలైంది, అప్పట్లో ఆ బహుమతి ఐదువేల రూపాయలు. కథలోని సమరయుడికి ఎదురు డబ్బు ముట్టకపోగా తన చేతి డబ్బే ఖర్చయింది. చట్టం తీసుకున్నది పేరును, సాయం చేయడాన్ని. సాయం చేసినవాడు పగవాడన్న మెలికను మాత్రం ఇంగ్లీషు నుడికారం ఎప్పుడో వదిలేసింది.

తండ్రి ఇచ్చిన ఆస్తి తగలేసి ఇల్లు చేరిన కొడుకు కథ 'ప్రాడిగల్ సన్' విషయంలో తెలుగు, ఇంగ్లీషు వేరు దారులు పట్టాయి. ప్రాడిగల్ అంటే దుబారా చేసేవాడు. ఇంగ్లీషువాళ్ళు పిల్లవాడి ఖర్చును చూసి పేరు పెట్టారు. తెలుగువాళ్ళు తండ్రి వైపు నుంచి చూసి 'తప్పిపోయిన కుమారుడు' అన్నారు. చిత్రంగా నేటి ఇంగ్లీషు వాడుకలో దుబారా పోయి, తిరిగివచ్చినవాడు అన్న అర్థమే మిగిలింది.

పేర్లుగా నిలిచిపోయినవాళ్ళను వేగంగా దాటిపోవచ్చు. ఓర్పుకు యోబు, తెలివికి సొలొమోను, ద్రోహానికి యూదా, చిన్నవాడు పెద్దవాణ్ణి పడగొట్టిన పోరుకు దావీదు, గొల్యాతు. కళ్ళతో చూస్తేగాని నమ్మనివాడు 'డౌటింగ్ థామస్'. ఆ తోమాయే భారతదేశానికి వచ్చాడని, మద్రాసు కొండ మీద ప్రాణాలు విడిచాడని దక్షిణాది క్రైస్తవుల గట్టి నమ్మకం. ఇక్కడ ఆయన పేరు సందేహానికి గుర్తు కాదు.

బైబిలువని పేరు పడి, బైబిల్లో లేనివీ కొన్ని ఉన్నాయి. ఏదెను తోటలో అవ్వ తిన్నది ఆపిల్ అని ఆదికాండం చెప్పదు, పండు అని ఊరుకుంటుంది. లాటిన్‌లో చెడుకూ ఆపిల్‌కూ దాదాపు ఒకే మాట ఉండడంతో చిత్రకారులు ఆపిల్ గీశారంటారు. డబ్బు సకల పాపాలకు మూలమని బైబిలు అనలేదు, డబ్బు మీది ప్రేమ అంది. తెలుగు బైబిల్లో ధనాపేక్ష అనే స్పష్టంగా ఉంది. సింహం గొర్రెపిల్ల పక్కన పడుకోదు. యెషయా గ్రంథంలో గొర్రెపిల్లతో ఉండేది తోడేలు. శుభ్రత దైవత్వానికి పొరుగు అన్న మాటను జనంలోకి తెచ్చినవాడు 18వ శతాబ్దపు బోధకుడు జాన్ వెస్లీ. తనకు తాను సాయం చేసుకునేవాడికే దేవుడు సాయం చేస్తాడన్నది బెంజమిన్ ఫ్రాంక్లిన్ పంచాంగంతో ప్రచారంలోకి వచ్చింది. ఇక బెత్తం దాచితే బిడ్డ చెడిపోతాడన్న మాటను వేదవాక్కుగా చెప్పి పిల్లలను బాదిన పంతుళ్ళు లోకంలో ఎందరో. ఆ భావం సామెతల గ్రంథంలో ఉన్న మాట నిజమే గానీ, ఇంగ్లీషులో ప్రసిద్ధమైన ఆ వాక్యం శామ్యూల్ బట్లర్ 1660లలో రాసిన 'హ్యూడిబ్రాస్' అనే వెటకారపు కావ్యంలోది. అక్కడ ఆ మాట అనేది ఒక వితంతువు. తన వెంటపడిన వీరుడు నిజంగా ప్రేమిస్తున్నాడో లేదో తేల్చుకోవడానికి కొరడా దెబ్బలు తినమని సలహా ఇస్తూ అంటుంది. అందులో బిడ్డ అంటే ప్రేమదేవుడు మన్మథుడు.